హష్మత్ జంగ్ సంతకం

దక్కనులో దౌత్యం: ధారావాహిక – 7

పోయిన సంచికలో ఖర్దా యుద్ధం దగ్గర ఆగాం. 1795 మార్చిలో మరాఠాల చేతిలో ఓడిన నిజాం అలీ ఖాన్ భూములు వదులుకున్నాడు, డబ్బు ఒప్పుకున్నాడు, చివరికి ప్రధానమంత్రి అరిస్తూ జాను సైతం పుణేకు బందీగా పంపాల్సి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ పటాలాలు రెండు అప్పటికే ఆయన కొలువులో ఉన్నాయి. కానీ మరాఠాల మీద వాటిని దించడానికి గవర్నర్ జనరల్ జాన్ షోర్ ఒప్పుకోలేదు. మండిపడ్డ నిజాం వాటిని సాగనంపి, ఫ్రెంచి సేనాని రేమండ్ దండును మరింత పెంచుకుంటూ పోయాడు.

సరిగ్గా ఆ ఏడాదే మద్రాసు సైన్యం నుంచి ఒక ఆఫీసరు హైదరాబాదు రెసిడెన్సీలో సహాయకుడిగా చేరాడు. ముప్పై ఏళ్ళు దాటాయి. పేరు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. పదేళ్ళు తిరిగేసరికి నిజాం రాజ్యపు భవిష్యత్తు, దానితోపాటు మన తెలుగునేల ఎల్లలు కూడా ఈయన చేతి కాగితాల మీదుగా మారిపోయాయి.

హైదరాబాదులో కిర్క్‌పాట్రిక్ పేరు తెలియనివారు తక్కువే. కోటి దగ్గర ఉన్న రెసిడెన్సీ భవనం, ఖైరున్నీసా బేగంతో ప్రేమ, వీటి మీద పుస్తకాలు వచ్చాయి, కథలు అల్లుకున్నాయి. ప్రేమకథ నిజమే, దాని దగ్గరికీ వస్తాం. అయితే ఆ కథ వెలుగులో అసలు ఉద్యోగం మరుగున పడింది. ఈ సంచికలో ఆ ఉద్యోగం సంగతే చూద్దాం.

పటాలం నుంచి దర్బారుకు

కిర్క్‌పాట్రిక్ పుట్టింది 1764లో, మద్రాసు సెయింట్ జార్జి కోటలో. తండ్రి కంపెనీ అశ్విక దళంలో కల్నల్. మద్రాసు ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని ‘అందాల కల్నల్’ అనేవారు. పసితనంలోనే తల్లి పోయింది. ఇంగ్లండులో చదువుకుని, పదిహేనేళ్ళు దాటగానే క్యాడెట్‌గా మద్రాసు సైన్యంలో చేరాడు. తర్వాతి పదిహేనేళ్ళలో యుద్ధరంగాన చెప్పుకోదగ్గ పేరేమీ రాలేదు. ఫారసీ, హిందుస్తానీ మాత్రం బాగా పట్టుబడ్డాయి.

దారి చూపింది అన్న విలియం. తండ్రి ఒకడే, తల్లులు వేరు. విలియం కూడా సైనికుడే, పైగా ఫారసీలో పండితుడు. సింధియా దర్బారులో రెసిడెంటుగా చేసి, 1793లో నేపాలుకు రాయబారం నడిపి, ఆ తర్వాత హైదరాబాదు రెసిడెంటుగా వచ్చాడు. తమ్ముణ్ణి పిలిపించుకున్నది ఆయనే.

సైనికులకు దౌత్యం అప్పగించడం ఆనాడు వింత కాదు. పుణేలో పామర్, ఆ తర్వాత బారీ క్లోజ్, సింధియా శిబిరంలో కాలిన్స్, ఇరాన్ వెళ్ళిన మాల్కం, అందరూ పటాలాల నుంచి వచ్చినవాళ్ళే. కంపెనీ లెక్క కంపెనీకి ఉంది. రెసిడెంటు అంటే దర్బారులో సలాములు చేస్తూ కూర్చునే రాయబారి మాత్రమే కాడు. ఆ రాజు దగ్గర ఎన్ని ఫిరంగులున్నాయి, వాటిలో పేలేవి ఎన్ని, సిపాయిలకు ఎన్ని నెలల జీతం బాకీ, ఏ సర్దారు ఎవరితో ఉత్తరాలు నడుపుతున్నాడు, ఇవన్నీ పసిగట్టి కలకత్తాకు రాయాలి. గుమాస్తా కంటికి ఫిరంగి ఫిరంగిలాగే కనిపిస్తుంది. సైనికుడి కంటికి దాని వయసూ, దాన్ని లాగే ఎద్దుల బలమూ కూడా కనిపిస్తాయి.

అయితే ఆ చూపు ఒక్కటే ఉంటే చాలదు. హైదరాబాదు దర్బారు వ్యవహారమంతా ఫారసీలో సాగేది. ఎవరు ఎవరికి ఎంత నజరానా పెట్టాలి, ఏ ఖిలత్తు ఎంత గౌరవానికి గుర్తు, ఏ మాట నేరుగా అనాలి, ఏది మున్షీ నోట అనిపించాలి, వీటిలో ఒక్కటి తప్పినా నెలల పని నీళ్ళపాలవుతుంది. కిర్క్‌పాట్రిక్ ఈ విద్యలో ఆరితేరాడు. ఢిల్లీ నుంచి వచ్చిన మున్షీ అజీజుల్లా అతనికి కుడిభుజం. ఒడంబడికల పేరు రెసిడెంటుకు వచ్చినా, షరతుల బేరంలో సగం బరువు మోసింది ఈ మున్షీయే.

రేమండ్ దండు: తూటా పేలని గెలుపు

1797లో రెండు మార్పులు జరిగాయి. అరిస్తూ జా పుణే చెర నుంచి బయటపడి తిరిగి మంత్రిపదవిలో కూర్చున్నాడు. ఆరోగ్యం పాడైన విలియం హైదరాబాదు వదిలి, దక్షిణాఫ్రికా కొసనున్న కేప్‌కు బయల్దేరాడు. తమ్ముడు తాత్కాలిక రెసిడెంటయ్యాడు. కేప్‌లో విలియంకు ఒక మనిషి తగిలాడు: కొత్త గవర్నర్ జనరల్‌గా కలకత్తా వెళుతున్న రిచర్డ్ వెల్లస్లీ. హైదరాబాదులో ఫ్రెంచి దండు ఎంత పెద్దదో, టిప్పుతో యుద్ధం వస్తే అది ఎటు మొగ్గుతుందో విలియం ఆయనకు విడమరచి చెప్పాడు. కలకత్తాలో దిగేసరికే వెల్లస్లీ మనసులో ఒక నిర్ణయం ఉంది: ఆ దండు ఉండకూడదు.

దానికి కాలం కూడా కలిసొచ్చింది. 1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. సిపాయిలకు అతనంటే ప్రాణం. హిందువులు మూసా రాము అనీ, ముస్లిములు మూసా రహీం అనీ పిలుచుకునేంత దగ్గరివాడు. నేటి గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించిందీ అతనే. అతని తర్వాత పగ్గాలు పట్టిన పిరాన్‌కు ఆ పలుకుబడి లేదు. దండులో జీతాలు బాకీ పడ్డాయి, ముఠాలు లేచాయి. కిర్క్‌పాట్రిక్ వేగులు ఆ అసంతృప్తిని చల్లారనివ్వలేదు.

అరిస్తూ జా అవసరం వేరు. ఖర్దా అవమానం ఆయన మరచిపోలేదు. మరాఠాలు మళ్ళీ వస్తే అండగా నిలిచే బలం కావాలి. ఫ్రెంచి దండు ఖర్దాలో ఆదుకోలేకపోయింది. కంపెనీ ఆదుకుంటుందేమో చూడాలి. ఈ ఇద్దరి అవసరాలూ కలిసిన చోట 1798 సెప్టెంబరు 1 నాటి ఒప్పందం పుట్టింది. ఆరు కంపెనీ పటాలాలు, అంటే ఆరు వేల మంది సిపాయిలు, హైదరాబాదులో ఉంటారు. వాళ్ళ ఖర్చు కింద నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. ఫ్రెంచివాళ్ళందరినీ కొలువు నుంచి తీసెయ్యాలి. పాఠ్యపుస్తకాల్లో ‘సైన్య సహకార పద్ధతి’ అని మనం చదువుకున్నది, వెల్లస్లీ హయాంలో మొట్టమొదట అమలైంది ఇక్కడే.

సంతకం పడింది కానీ పని జరగలేదు. గుంటూరు సరిహద్దులో కాచుకుని ఉన్న నాలుగు పటాలాలు కల్నల్ రాబర్ట్స్ వెంట బయల్దేరి అక్టోబరు 10కి హైదరాబాదు చేరాయి. వాటిని చూశాక నిజాంకు గుండె జారింది. పది వేలకు పైబడిన సొంత దండును చేజేతులా రద్దు చేసుకుని పరాయి దండును గుమ్మంలో నిలబెట్టుకోవడం ఏ రాజుకైనా మింగుడుపడని విషయం. రోజులు గడుస్తున్నాయి. అరిస్తూ జా రేపు, మాపు అంటున్నాడు.

సైనికుడి చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. ఆలస్యమయ్యేకొద్దీ ఫ్రెంచి ఆఫీసర్లు తేరుకుంటారనీ, అప్పుడు నెత్తురు పారక తప్పదనీ కిర్క్‌పాట్రిక్‌కు తెలుసు. మర్యాద మాటలు పక్కన పెట్టి మంత్రికి గట్టిగా కబురు పంపాడు: రద్దు హుకుం మీరు ఇవ్వకపోతే మా పటాలాలే ఆ పని చేస్తాయి. ఆ కబురు వెనకాల పటాలాలు కదిలాయి. మూసీకి ఒక పక్క ఫ్రెంచి శిబిరం. దాని ఎదుటి మిట్టల మీద రాబర్ట్స్ దండు, వెనకవైపు నది అవతల కంపెనీవే మిగతా రెండు పటాలాలు. బిగించిన ఉచ్చులో శిబిరం నడుమన పడింది.

హుకుం వెలువడింది. అక్టోబరు 21న శిబిరంలో తిరుగుబాటు లేచింది. బాకీ జీతాలు దక్కవేమోనన్న భయంతో సిపాయిలు తమ ఫ్రెంచి ఆఫీసర్లనే బంధించారు. వాళ్ళకు నచ్చజెప్పడానికి కిర్క్‌పాట్రిక్ సహాయకుడు జాన్ మాల్కం శిబిరంలోకి వెళితే గుంపు అతన్నీ చుట్టుముట్టింది. ఒకప్పుడు కంపెనీ కొలువులో అతనితో పనిచేసిన సిపాయిలు కొందరు గుర్తుపట్టి అడ్డుపడ్డారు, ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ రాత్రి ఫ్రెంచి ఆఫీసర్లు తప్పించుకుని వచ్చి ఇంగ్లీషు దండులోనే తలదాచుకున్నారు.

22 తెల్లవారుజామున రెండు వైపుల నుంచీ ఫిరంగులు గురిపెట్టి గడువు పెట్టారు. ఆయుధాలు కింద పెడితే బాకీ జీతాలు అందుతాయి, కావలసినవాళ్ళకు వేరే కొలువు దొరుకుతుంది. నాయకుడు లేని దండు, రెండు వైపులా ఫిరంగులు, జీతం అందుతుందన్న మాట. సిపాయిలు ఆలోచించుకున్నారు. తుపాకులు కుప్పపోసి బయటికి నడిచారు. సాయంత్రానికి ఫిరంగులు, ఆయుధాగారాలు, శిబిరం మొత్తం కంపెనీ చేతిలో ఉన్నాయి. పదాతి దండు వేలకు వేలుగా చెదిరి వెళ్ళిపోవడాన్ని కిర్క్‌పాట్రిక్ రెసిడెన్సీ మేడమీద నిలబడి దుర్భిణిలో చూశాడు. తన జన్మలో అంత చక్కని దృశ్యం చూడలేదని అన్నకు రాసుకున్నాడు.

ఫ్రెంచి ఆఫీసర్ల సొంత ఆస్తులు ఎవరూ ముట్టకుండా చూసి, వాళ్ళను కలకత్తా మీదుగా ఐరోపాకు పంపే ఏర్పాటు చేశారు. ఓడినవాణ్ణి అవమానించకుండా సాగనంపితే మళ్ళీ పగతో తిరిగి రాడన్న సంగతి యుద్ధం తెలిసినవాడికి వేరే చెప్పనక్కరలేదు. మరుసటి ఏడాది మే 4న శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు నిజాం సేన దర్బారు ప్రముఖుడు మీర్ ఆలం వెంట కంపెనీ పక్షాన ఉంది. ఏడాది ముందైతే అదే సేనలో పెద్ద భాగం ఫ్రెంచివాళ్ళ అదుపులో ఉండేది.

పెద్ద కాగితం, చిన్న కాగితం

గెలుపు తర్వాత కిర్క్‌పాట్రిక్ దర్బారులో మనిషైపోయాడు. నిజాం అతనికి హష్మత్ జంగ్ అన్న బిరుదు ఇచ్చాడు. ఊళ్ళో ఆ పేరే వాడుకైంది. 1801లో హైదరాబాదు మీదుగా వెళ్ళిన మౌంట్‌స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్ అతన్ని చూసి దినచర్యలో వివరంగా రాసుకున్నాడు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, మీసాలు, గోరింటాకు పెట్టిన వేళ్ళు. దర్బారుకు ఏనుగులు, పల్లకీ, జెండాలతో ఊరేగింపుగా వెళతాడు. నిజాం ముందు ఆ దర్బారులోని అమీరులాగే మెలుగుతాడు. తక్కిన విషయాల్లో మాత్రం ఇంగ్లీషువాడే.

ఈ మెలకువ ఎంత పనిచేసేదో మాల్కం చెప్పిన ఒక సంగతి వల్ల తెలుస్తుంది. మూసీ ఉత్తరపు ఒడ్డున కొత్త రెసిడెన్సీ కట్టడానికి కిర్క్‌పాట్రిక్ స్థలం అడగదలిచాడు. ఇంజనీర్లతో కొలిపించి, పెద్ద కాగితం మీద తీర్చిదిద్దిన పటం నిజాం ముందు పరిచాడు. ఆయన దాన్ని చాలాసేపు తేరిపార చూసి, విచారంగా తల అడ్డంగా ఊపాడు. ఇవ్వలేనన్నాడు. రెసిడెంటు చిన్నబోయి బయటికి వస్తే మంత్రి నవ్వాడు. మీరు పటంతోనే ఆయన్ని హడలగొట్టారు, ఆయన ఇంతవరకు చూసిన తన రాజ్యపటాలే దాదాపు ఇంతుంటాయి, మీ తోట కూడా అంతే ఉంటే ఎలా ఇస్తారు? చిన్న కాగితం మీద గీయించండి, పని అయిపోతుంది. మళ్ళీ దర్శనానికి వెళ్ళినప్పుడు అదే స్థలాన్ని చీటీ అంత కాగితం మీద చూపించారు. నిజాం సంతోషంగా ఒప్పుకున్నాడు.

విన్నవాళ్ళు నవ్వుకుని ఊరుకునే కథే ఇది. కానీ ఇందులో రెండు విషయాలు ఉన్నాయి. నిజాంకు పటం చదవడం రాదని ఇంగ్లీషువాళ్ళు చెప్పుకుని నవ్వారు. అయితే పెద్దాయన భయం వట్టిది కాదు. ఆ రోజుల్లోనే ఇదే రెసిడెంటు, ఇదే దర్బారులో, ఇంతకన్నా చాలా పెద్ద భూభాగం ఒక కాగితం మీద మార్పించుకున్నాడు. దానికి పెద్ద పటం, చిన్న పటం అన్న తేడా అవసరం రాలేదు.

1800 అక్టోబరు 12

మొదటి ఒప్పందంలో మరాఠాల నుంచి రక్షణ గురించి అరిస్తూ జా కోరుకున్నంత స్పష్టత లేదు. కంపెనీకి కూడా ఒక బెంగ ఉంది: ఏటా ఇరవై నాలుగు లక్షలు నగదుగా రావాలి. ఖజానా ఎండితే ఆలస్యం, ఆలస్యమైతే సిపాయిలకు జీతాల కటకట. రెండు చిక్కులకూ కలిపి ఒకటే విరుగుడు కనిపెట్టారు. నగదు బదులు నేల.

1800 అక్టోబరు 12న మేజర్ కిర్క్‌పాట్రిక్ కుదిర్చిన ఒడంబడిక సారాంశం ఇది. దండు ఎనిమిది పటాలాలకు, వెయ్యి గుర్రాలకు పెరుగుతుంది. నిజాం రాజ్యం మీదికి ఎవరు వచ్చినా కంపెనీ కాపాడుతుంది. బదులుగా నిజాం కంపెనీని అడగకుండా ఏ ఇతర రాజ్యంతోనూ వ్యవహారం నడపకూడదు. దండు ఖర్చు కోసం 1792లోను, 1799లోను మైసూరు యుద్ధాల వల్ల తనకు వచ్చిన భూములన్నిటినీ శాశ్వతంగా కంపెనీకి వదులుకోవాలి.

అసలు పనితనం మరో షరతులో ఉంది. మైసూరు నుంచి వచ్చిన భూముల్లో కొన్ని తుంగభద్రకు ఉత్తరాన ఉన్నాయి. కొప్పళ, గజేంద్రగడ లాంటివి. అవి నిజాం దగ్గరే ఉండనిచ్చి, వాటికి బదులు నదికి దక్షిణాన ఉన్న ఆదోని ప్రాంతాన్ని కంపెనీ తీసుకుంది. ఆదోని మైసూరు నుంచి వచ్చింది కాదు. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఏలిన జాగీరు. అయినా పోయింది. ఎందుకంటే కంపెనీకి కావలసింది చిందరవందరగా పడి ఉన్న పరగణాలు కాదు, కాపలా కాయడానికి వీలైన హద్దు. ఒక సైనికుడు పటం చూస్తే ముందు నదులే కంటపడతాయి. ఈ ఒడంబడికతో తుంగభద్ర, కృష్ణ హద్దులయ్యాయి.

కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలు ఇలా చేతులు మారాయి. కర్నూలు నవాబు నిజాంకు కట్టే పేష్కషు కూడా ఇకమీదట కంపెనీకే. కడప రైతు సంగతి ఊహించండి: 1792 దాకా టిప్పు సుల్తాను మనుషులు పన్ను వసూలు చేశారు, ఆ తర్వాత ఎనిమిదేళ్ళు నిజాం మనుషులు, ఇప్పుడు కుంఫిణీ మనుషులు. మూడో దొర వచ్చింది మాత్రం వాళ్ళ ఊరి పక్క ఒక్క తుపాకీ పేలకుండానే. సీడెడ్ జిల్లాలు, దత్తమండలాలు అన్న పేర్లు అక్కడ పుట్టాయి. ఆ పేర్లలోని చిన్నతనం నచ్చక 1928 నంద్యాల సభల్లో రాయలసీమ అన్న పేరు ఎత్తుకునేదాకా ఆ ముద్ర అలాగే ఉంది.

తెలుగువాళ్ళ కోణం నుంచి లెక్క వేసుకుంటే ఇలా తేలుతుంది. 1766లో నిజాం ఒప్పుకున్న ఒప్పందంతో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు, 1800లో దత్తమండలాలు. మూడు విడతల్లో తెలుగునేలలో పెద్ద వాటా మద్రాసు వైపు వెళ్ళింది, నదులకు ఉత్తరాన తెలంగాణ మాత్రం నిజాం కింద మిగిలింది. వేరువేరు పన్నుల విధానాలు, వేరువేరు కోర్టులు, ఒకచోట ఇంగ్లీషు, ఒకచోట ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ. నూట యాభై ఏళ్ళ పైచిలుకు రెండు పాలనల కింద బతికిన జనం 1956 నవంబరు 1న ఒక రాష్ట్రంలోకి వచ్చారు, 2014 జూన్ 2న మళ్ళీ విడిపోయారు. ఇవాళ కర్నూలు దాటి అలంపురం వైపు వంతెన ఎక్కితే కింద పారే తుంగభద్రే రాష్ట్రాల మధ్య హద్దు. అక్కడ గీత మొదట గీసింది 2014లో కాదు.

ఇదంతా ఒక్క కిర్క్‌పాట్రిక్ చేశాడనడం తప్పు. వెల్లస్లీ ఆదేశం లేకపోతే, అరిస్తూ జాకు మరాఠాల భయం లేకపోతే ఆ కాగితం పుట్టేది కాదు. కానీ ఆ ఇద్దరి మధ్య నమ్మకంగా తిరిగిన మనిషి అతనొక్కడే. మంత్రికి ఎక్కడ భయమో, కలకత్తాకు ఎక్కడ ఆశో రెండూ తెలిసినవాడు కాబట్టే బేరం కుదిరింది.

నమ్మకానికి వెల

ఆ బేరం నడుస్తున్న రోజుల్లోనే అతని సొంత ఇంటి సంగతి రచ్చకెక్కింది. ఖైరున్నీసా బేగం మీర్ ఆలం బంధువర్గంలోని అమ్మాయి. తాత బాఖర్ అలీ ఖాన్ కంపెనీ దండుకు బక్షీ, అంటే జీతాలు పంచే అధికారి. కిర్క్‌పాట్రిక్ ఆమెను పెళ్ళాడాడు, అందుకోసం రహస్యంగా ఇస్లాం పుచ్చుకున్నాడు. 1801 మార్చిలో కొడుకు, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కూతురు పుట్టారు. సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అని పేర్లు పెట్టుకున్నారు.

ప్రేమ సంగతి ఎలా ఉన్నా, కలకత్తాకు వచ్చిన అనుమానం మాత్రం రాజకీయమైనది. రెసిడెంటు దర్బారువాళ్ళ ఇంటి అల్లుడైతే ఎవరి ఉప్పు తింటున్నట్టు? 1800 ఒడంబడికలో నిజాంకు ఏమైనా విడిచిపెట్టాడా? మద్రాసు గవర్నరు క్లైవ్ చేతుల మీదుగా రహస్య విచారణ జరిగింది. హైదరాబాదు దండులో పనిచేసిన ఆఫీసర్లు బౌసర్, ఆర్ ప్రమాణం చేసి సాక్ష్యమిచ్చారు. అన్నకు రాసిన ఉత్తరాల్లో సైతం కిర్క్‌పాట్రిక్ మొదట అంతా చెప్పలేదని బయటపడింది. అటు విలియం గవర్నర్ జనరల్ దగ్గర సైనిక కార్యదర్శిగా ఉన్నవాడు. తమ్ముడి దాపరికం అన్నను ఎంత ఇరకాటంలో పెట్టిందో చెప్పనక్కరలేదు.

ఉద్యోగం మాత్రం పోలేదు. అరిస్తూ జా అతని పక్షాన నిలబడ్డాడు. ఆ దర్బారులో అంత పలుకుబడి ఉన్న ఇంకో మనిషి కంపెనీ దగ్గర లేడు. పైగా నిందకు ఆధారంగా చూపాల్సిన ఒడంబడికే నింద తప్పని చెబుతోంది. ఆదోనిని కూడా తెచ్చిపెట్టినవాణ్ణి నిజాం మనిషని ఎలా అంటారు?

విచిత్రమేమిటంటే ఆ అనుమానం ఆలస్యంగా నిజమైంది, వేరే రకంగా. 1801 తర్వాత వెల్లస్లీ కోరికలు పెరుగుతూ పోయాయి. 1802లో వర్తకం గురించి కొత్త ఒప్పందం కావాలన్నాడు. అదే ఏడాది చివర పీష్వాను సైతం వసాయి సంధితో కట్టిపడేశాడు. ఈ దూకుడు మంచిది కాదని కిర్క్‌పాట్రిక్ రాయడం మొదలుపెట్టాడు. మిత్రుణ్ణి ఇంతగా పిండితే మిత్రుడిగా మిగలడన్నది అతని వాదం. పుణే రెసిడెంటు పామర్ ఆలోచన కూడా ఇదే. పామర్‌ను ముందే తప్పించి బారీ క్లోజ్‌ను వేశారు. హైదరాబాదు రెసిడెంటుకు కలకత్తా నుంచి చీవాట్లు వచ్చాయి. ఒకప్పటి ఇష్టుడు ఇప్పుడు అడ్డు.

అయినా అతని మాట వినాల్సిన అగత్యం కంపెనీకి లేదు. ఎందుకంటే అతనే కట్టిన యంత్రం అతను లేకుండా కూడా తిరుగుతుంది. దండు హైదరాబాదులో ఉంది, దాని జీతం తెచ్చే నేల కంపెనీ చేతిలో ఉంది, ఇతర రాజ్యాలతో మాట్లాడే హక్కు నిజాంకు లేదు. ఇక రెసిడెంటు మంచివాడా, కఠినుడా అన్నది మర్యాదకు సంబంధించిన తేడా మాత్రమే. హైదరాబాదును ప్రేమించిన మనిషే దాని చేతులు కట్టేసిన కాగితం రాశాడు. తర్వాత వచ్చిన రెసిడెంట్లకు దాన్ని ప్రేమించాల్సిన అవసరమే లేకపోయింది.

చివరి ప్రయాణం

1803 ఆగస్టు 6న నిజాం అలీ ఖాన్ చనిపోయాడు. వారసత్వ తగాదాలకు పేరుమోసిన దర్బారులో సికందర్ జా గొడవ లేకుండా గద్దెనెక్కాడంటే కిర్క్‌పాట్రిక్, అరిస్తూ జా ముందే చూసుకున్న ఏర్పాట్లే కారణం. మరుసటి ఏడాది అరిస్తూ జా కూడా పోయాడు. ఒకప్పుడు దర్బారు దూరంగా తరిమిన మీర్ ఆలం మంత్రిగా తిరిగొచ్చాడు. పాత ఆటగాళ్ళలో మిగిలింది రెసిడెంటు ఒక్కడే. ఒంట్లో బాగుండేది కాదు.

ఈ మధ్యనే కొత్త రెసిడెన్సీ లేస్తోంది. మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్ గీసిన నక్షా ప్రకారం 1803లో పని మొదలైంది. ఎత్తయిన మెట్లు, మెట్ల పక్కన రాతి సింహాలు, పైన పెద్ద స్తంభాల వరస. ఖర్చు నిజాం ఖజానాది, దర్జా కంపెనీది. పూర్తయిన మేడలో దర్బారు తీర్చే యోగం కట్టించినవాడికి లేకపోయింది.

1805లో పిల్లలిద్దర్నీ చదువులకని ఇంగ్లండుకు పంపాడు. మద్రాసులో ఓడ ఎక్కే ముందు జార్జి చిన్నరీ వాళ్ళ బొమ్మ వేశాడు. వెల్లస్లీ వెళ్ళిపోయి, ఆయన స్థానంలో కారన్‌వాలిస్ మళ్ళీ గవర్నర్ జనరల్‌గా దిగాడు. పాత దూకుడు తగ్గించాలన్న ఉద్దేశంతో వచ్చినవాడు. తన వాదన వినే పెద్దమనిషి దొరికాడని కిర్క్‌పాట్రిక్ జబ్బుతోనే కలకత్తా బయల్దేరాడు. అక్టోబరు 5న కారన్‌వాలిస్ ఘాజీపూర్‌లో చనిపోయాడు. పది రోజులకు, అక్టోబరు 15న, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. నలభై ఒక్క ఏళ్ళు.

ఖైరున్నీసా 1813లో హైదరాబాదులో పోయింది. ఇంగ్లండులో సాహిబ్ బేగం కిట్టీ కిర్క్‌పాట్రిక్‌గా పెరిగింది. థామస్ కార్లైల్‌కు పరిచయస్తురాలైంది. పెద్దయ్యాక హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరాలు నడిపింది. రెసిడెన్సీ మీద 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ దాడి చేశారు. 1949 నుంచి అదే ఆవరణలో ఆడపిల్లల కాలేజీ నడుస్తోంది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం. దొరల మీద తిరగబడిన ఐలమ్మ పేరు కంపెనీ దొర మేడకు రావడం చరిత్ర చేసిన మంచి పనుల్లో ఒకటి.

ఇక 1800 ఒడంబడికలో ఇంకా తేలని లెక్క ఒకటుంది. కిర్క్‌పాట్రిక్ కాగితం మీద ఇప్పించిన నేల నిజంగా కంపెనీ చేతిలోకి రావాలంటే, ఆ నేలను గుప్పిట్లో పెట్టుకున్న ఎనభై మంది దాకా పాలెగాళ్ళు ఒప్పుకోవాలి. వాళ్ళెవరూ ఆ ఒడంబడిక మీద సంతకం చేయలేదు, వాళ్ళను అడిగినవాళ్ళూ లేరు. ఆ పని మీద అనంతపురంలో బస వేసిన అధికారి కూడా సైనికుడే. పేరు థామస్ మన్రో.

(వచ్చే సంచికలో: మన్రో, పాలెగాళ్ళు, దత్తమండలాల తొలి ఏడేళ్ళు)